బైక్ నేర్చుకుంటున్నారా? ఎల్‌ఎల్‌ఆర్ నుంచి ‘8’ ట్రాక్ దాకా.. కోనసీమలో బండెక్కే ముందు తెలుసుకోవాల్సినవి ఇవే!

పి.గన్నవరంలో బండి లేనిదే పని జరగదు. లంకలోని పొలానికి వెళ్లాలన్నా, అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌కి వెళ్లాలన్నా, అమలాపురం కాలేజీకి వెళ్లాలన్నా బైక్ తీయాల్సిందే. అందుకే ఇక్కడ చాలామంది పిల్లలు పదో తరగతికి రాకముందే నాన్న బండి తాళం మీద కన్నేస్తారు. కాలువ గట్టు మీద రెండు రౌండ్లు కొట్టగానే ‘బండి వచ్చేసింది’ అనుకుంటారు.

కానీ బండి నడపడం వేరు, రోడ్డు మీద నడపడం వేరు. లైసెన్స్ చేతికి రావడం ఇంకో లెక్క. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44 శాతానికి పైగా టూవీలర్ల మీద వెళ్తున్నవారే. హెల్మెట్ లేక ప్రాణాలు కోల్పోయినవారే 50 వేల మందికి పైగా ఉన్నారు. అందులో 14 వేల మందికి పైగా వెనక సీట్లో కూర్చున్నవాళ్లు.

ఇంతకీ లైసెన్స్ ఎలా తీసుకోవాలి? బండి ఏ వరసలో నేర్చుకోవాలి? టెస్టులో ఎక్కడ తప్పుతారు? కోనసీమ రోడ్ల మీద ఏం చూసుకోవాలి? పూర్తి వివరాలు ఇప్పుడు చూద్దాం.

ఎన్నేళ్లకు ఏ బండి?

మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం గేర్ బండి నడపాలంటే 18 ఏళ్లు నిండాలి. 16 ఏళ్లకే లైసెన్స్ ఇస్తారని చాలామంది చెబుతుంటారు. అందులో సగమే నిజం. 16 నిండినవారికి 50 సీసీ మించని బండికి మాత్రమే, అదీ తల్లిదండ్రుల అంగీకారంతోనే ఇస్తారు. ఇప్పుడు ఇళ్లల్లో కనిపించే స్కూటీలన్నీ దాదాపు 100 సీసీ పైనే. అంటే ఇంటర్ చదివే పిల్లలు వాటిని రోడ్డెక్కిస్తే చట్టవిరుద్ధమే.

గంటకు 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్ల లోపు మోటారున్న చిన్న ఎలక్ట్రిక్ బండ్లకు మాత్రం లైసెన్స్ అక్కర్లేదు. అంతకంటే వేగంగా వెళ్లే ఎలక్ట్రిక్ స్కూటర్లకు లైసెన్స్ తప్పనిసరి.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. టూవీలర్ లైసెన్స్ రెండు రకాలు. ఒకటి గేర్ లేని బండికి, రెండోది గేర్ ఉన్న బండికి. గేర్ లేని దానికే దరఖాస్తు చేసి, స్కూటీ మీద టెస్టు ఇచ్చి పాసైతే బైక్ నడిపే హక్కు రాదు. రేపు బైక్ కొనే ఆలోచన ఉంటే మొదటే గేర్ బండికి దరఖాస్తు చేసుకోవడం మేలు.

ముందుగా ఎల్‌ఎల్‌ఆర్.. ఎలా తీసుకోవాలి?

లైసెన్స్‌కి తొలి మెట్టు లెర్నర్ లైసెన్స్. మన దగ్గర అందరూ ఎల్‌ఎల్‌ఆర్ అనే అంటారు. పరివాహన్ వెబ్‌సైట్‌లోని సారథి విభాగంలో దరఖాస్తు నింపాలి. వయసు, చిరునామా రుజువులు, ఆరోగ్యం బాగానే ఉందన్న స్వీయ ధ్రువీకరణ ఇవ్వాలి. 40 ఏళ్లు దాటినవారు డాక్టర్ సర్టిఫికెట్ కూడా పెట్టాలి.

కేంద్ర నిబంధనల ప్రకారం ఒక్కో రకం వాహనానికి లెర్నర్ లైసెన్స్ ఫీజు రూ.150, పరీక్ష ఫీజు రూ.50. తర్వాత డ్రైవింగ్ టెస్టుకు రూ.300, లైసెన్స్ జారీకి రూ.200. సర్వీస్ చార్జీలు అదనం. అసలు ఫీజు ఇంతేనని తెలిస్తే బయట ఎవరైనా వేలల్లో అడిగినప్పుడు తేడా అర్థమవుతుంది.

ఎల్‌ఎల్‌ఆర్ కోసం కంప్యూటర్ మీద చిన్న పరీక్ష ఉంటుంది. కనీసం 60 శాతం సరైన జవాబులు రావాలి. ప్రశ్నలు ప్రధానంగా నాలుగు విషయాల మీద వస్తాయి. ట్రాఫిక్ గుర్తులు, ప్రమాదం జరిగినప్పుడు డ్రైవర్ చేయాల్సినవి, కాపలా లేని రైల్వే గేటు దాటడం, బండితో ఉంచుకోవాల్సిన కాగితాలు.

గుర్తులను బట్టీ పట్టక్కర్లేదు. ఆకారం గుర్తుపెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. ఎర్ర అంచు గుండ్రటి బోర్డు ఉంటే అది ఆదేశం, పాటించి తీరాలి. ఎర్ర అంచు త్రికోణం ఉంటే హెచ్చరిక, ముందు ఏదో ఉంది. నీలం చతురస్రం ఉంటే సమాచారం. ఆసుపత్రి, పెట్రోల్ బంకు లాంటివి దాని మీదే ఉంటాయి.

పి.గన్నవరం చుట్టుపక్కల రైలు పట్టాలే లేవు కాబట్టి రైల్వే గేటు ప్రశ్న దగ్గర కొందరు తడబడతారు. జవాబు తేలికే. కాపలా లేని గేటు దగ్గర బండి ఆపాలి. దిగి, పట్టాల దాకా నడిచి వెళ్లి, రెండు వైపులా రైలు రావడం లేదని చూసుకున్నాకే దాటాలి. చట్టంలోని సెక్షన్ 131 చెప్పేది ఇదే.

ఎల్‌ఎల్‌ఆర్ వస్తే ఒంటరిగా తిరగొచ్చా?

తిరగకూడదు. చాలామంది చేసే మొదటి తప్పు ఇదే. ఎల్‌ఎల్‌ఆర్ అంటే నేర్చుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989 ప్రకారం పక్కా లైసెన్స్ ఉన్న వ్యక్తి నేర్పిస్తూ వెంట ఉండాలి. బండిని అదుపు చేయగలిగేలా కూర్చోవాలి. నేర్పేవాళ్లను తప్ప ఇంకెవరినీ వెనక ఎక్కించుకోకూడదు. బండికి ముందూ వెనకా తెల్లని పలక మీద ఎర్రటి ‘ఎల్’ అక్షరం ఉండాలి.

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. అది వచ్చిన 30 రోజుల తర్వాతే అసలు టెస్టుకు వెళ్లే అర్హత వస్తుంది. ఆ నెల రోజులు ఊరికే ఇవ్వలేదు. రోజుకు ముప్పావు గంట చొప్పున సాధన చేసినా 20 గంటలు దాటుతుంది. మొదటిసారి బండి పట్టుకున్నవాళ్లకు అది మంచి పునాది.

నేర్చుకునే వరస ఇదీ..

మొదటి పాఠాలు రోడ్డు మీద వద్దు. గట్టి నేల ఉన్న ఖాళీ మైదానం చూసుకోవాలి. గోదావరి ఇసుకలో నేర్చుకుంటే పడినా దెబ్బ తగలదని కొందరు అంటారు. ఇసుకలో చక్రం దిగబడి హ్యాండిల్ దానంతటదే తిరుగుతుంది. కొత్తవాళ్లకు భయం పట్టుకుంటుంది. కాలువ గట్టు కూడా పనికిరాదు. ఒక్క క్షణం అదుపు తప్పితే బండితో సహా నీళ్లలో పడతారు.

మొదటి దశ: ఇంజిన్ ఆపి ఉంచి బండిని నెట్టుకుంటూ నడవాలి. స్టాండ్ తీయడం, వేయడం, బండి బరువు ఎటు వాలుతుందో చూడడం, ముందు బ్రేక్ పట్టి ఆపడం అలవాటు కావాలి. కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి. ఆనకపోతే ఆ బండి నేర్చుకోవడానికి సరిపోదు.

రెండో దశ: క్లచ్. మొదటి గేరు వేసి, క్లచ్‌ను నెమ్మదిగా వదులుతుంటే ఒకచోట బండి ముందుకు లాగుతుంది. ఆ చోటు వేళ్లకు తెలియాలి. అక్కడే ఆపి, రెండడుగులు కదిలించి, మళ్లీ క్లచ్ నొక్కి ఆపాలి. దీన్నే యాభై సార్లు చేయాలి. క్లచ్‌ను ఒక్కసారిగా వదిలేయడం వల్లే బండి ఎగిరినట్టు దూకుతుంది, లేదా ఆగిపోతుంది.

మూడో దశ: బ్రేకులు. కొత్తవాళ్లు ముందు బ్రేక్ అంటే భయపడి కాలి బ్రేక్ ఒక్కటే తొక్కుతారు. బ్రేక్ వేసినప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. అందుకే బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. రెండూ కలిపి, మెల్లగా మొదలుపెట్టి గట్టిగా పట్టాలి. కానీ హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు గానీ, ఇసుక, బురద మీద గానీ ముందు బ్రేక్ గట్టిగా పట్టకూడదు. పడితే చక్రం జారిపోతుంది.

2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లలో 125 సీసీ దాటితే ఏబీఎస్, ఆ లోపు వాటికి కంబైన్డ్ బ్రేక్ తప్పనిసరి. ఇంట్లో ఉన్న పాత బండికి ఇవి ఉండకపోవచ్చు. ఏ బండి మీద నేర్చుకుంటున్నారో ముందే తెలుసుకోవాలి.

నాలుగో దశ: గేర్లు. కొన్ని బండ్లలో గేర్లన్నీ ఒకే వైపు పడతాయి. కొన్నిట్లో మొదటిది కిందికి, మిగతావి పైకి. నేర్చుకున్నది ఒక రకం, టెస్టుకు తెచ్చింది ఇంకో రకం అయితే కాలు తికమక పడుతుంది. స్నేహితుడి కొత్త బండి అడిగి తెచ్చుకుని ఫెయిలయ్యేవాళ్లు ఇందుకే ఎక్కువ.

ఐదో దశ: మలుపులు, ఆ తర్వాత రోడ్డు. ముందు తెల్లవారుజామున ట్రాఫిక్ లేనప్పుడు ఊళ్లో వీధులు. తర్వాత పి.గన్నవరం సెంటర్. అమలాపురం, రాజోలు వైపు పెద్ద రోడ్లు, రాత్రి ప్రయాణాలు అన్నిటికంటే చివర.

టెస్టులో ఏం చూస్తారు?

స్లాట్ బుక్ చేసుకుని, ఆ రోజు అమలాపురంలోని రవాణా శాఖ కార్యాలయం లాంటి టెస్టు కేంద్రానికి బండితో హాజరు కావాలి. టెస్టు పెట్టేది మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్. ఊళ్లల్లో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారు. ఎల్‌ఎల్‌ఆర్, బండి ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర ఉంచుకోవాలి. హెల్మెట్ మర్చిపోకూడదు. టెస్టు కేంద్రానికి కూడా బండిని లైసెన్స్ ఉన్న మనిషితో కలిసే తీసుకెళ్లాలి.

నిబంధనల్లో చూడాల్సినవి స్పష్టంగా ఉన్నాయి. కదిలే ముందు అద్దం సరిచేసుకోవడం, వెనక్కి చూసుకోవడం, గేర్లు మార్చడం, ఎడమ కుడి మలుపులు, సిగ్నల్ ఇవ్వడం, ఓవర్‌టేక్ చేయడం, ఉన్నట్టుండి ఆపాల్సి వస్తే అదుపులో ఆపడం. టూవీలర్లకు చాలాచోట్ల ‘8’ ఆకారం ట్రాక్ మీద కాలు నేలకు ఆనకుండా తిరగమంటారు.

‘8’ దగ్గర మూడు సూత్రాలు గుర్తుంచుకుంటే చాలు.

ఒకటి, చూపు. ముందు చక్రం వైపు చూస్తే బండి ఊగుతుంది. వెళ్లాల్సిన మలుపు చివర చూడాలి. తల ఎటు తిరిగితే బండి అటు వెళ్తుంది.

రెండు, వేగం. మొదటి గేరులో, యాక్సిలరేటర్ ఒకేలా ఉంచి, క్లచ్‌ను సగంలో ఆడిస్తూ వేగం తగ్గించుకోవాలి. అవసరమైతే కాలి బ్రేక్ కొద్దిగా తొక్కి ఉంచాలి. మలుపులో ముందు బ్రేక్ ముట్టుకోకూడదు.

మూడు, భుజాలు. హ్యాండిల్‌ను గట్టిగా బిగించి పట్టుకుంటే తిరగదు. మోచేతులు వదులుగా ఉండాలి. మోకాళ్లు ట్యాంకుకి ఆనాలి.

ఇంట్లోనే ముగ్గు పిండితో నేల మీద ‘8’ గీసుకుని సాధన చేయొచ్చు. మొదట పెద్దగా గీసి, వచ్చాక చిన్నది చేసుకుంటూ పోవాలి. పెద్ద గీత మీద కుదిరిందని ఆగిపోతే ట్రాక్ మీద చిక్కే.

చాలామంది ఫెయిలయ్యేది బండి రాక కాదు.. కంగారుతో. సైడ్ స్టాండ్ తీయకుండా కదలడం, ఇండికేటర్ వేసి ఆపడం మర్చిపోవడం, కదిలే ముందు వెనక్కి చూడకపోవడం. ఈ మూడూ అలవాటైతే సగం టెస్టు గట్టెక్కినట్టే.

ఫెయిలైతే?

భయపడాల్సిన పని లేదు. ఏడు రోజుల తర్వాత మళ్లీ టెస్టుకు వెళ్లొచ్చు. మూడుసార్లు తప్పితే మాత్రం చివరి టెస్టు నుంచి 60 రోజులు ఆగాలి. ఈలోపు ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలల గడువు దాటకుండా చూసుకోవాలి.

‘టెస్టుకు రాకపోయినా చేయిస్తాం’ అనే మాటలు నమ్మొద్దు. డబ్బు సంగతి అలా ఉంచితే, టెస్టు తప్పించుకున్నవాళ్లకు అసలు పరీక్ష ఎదురుగా లారీ వచ్చినప్పుడే పెట్టినట్టవుతుంది.

పాసైతే 30 ఏళ్ల లోపు వారికి 40 ఏళ్లు వచ్చేవరకు లైసెన్స్ చెల్లుతుంది. 30 నుంచి 50 మధ్య వారికి పదేళ్లు, 50 నుంచి 55 మధ్య వారికి 60 ఏళ్లు వచ్చేవరకు, 55 దాటితే ఐదేళ్ల చొప్పున ఇస్తారు. కార్డు ఇంట్లో మర్చిపోయినా డిజీలాకర్‌లో గానీ, ఎంపరివాహన్ యాప్‌లో గానీ చూపిస్తే సరిపోతుంది.

కోనసీమ రోడ్ల మీద ఇవి చూసుకోవాలి

టెస్టు ట్రాక్ మీద కనిపించని ప్రమాదాలు మన రోడ్ల మీద చాలా ఉన్నాయి.

ధాన్యం కళ్లాలు: కోతల సమయంలో రోడ్డుకు ఒక పక్క ధాన్యం ఆరబోస్తారు. గింజల మీద టైరు ఎక్కితే గోళీల మీద ఎక్కినట్టే. అంచున రాళ్లు పెట్టి ఉంటాయి, చీకట్లో కనిపించవు. ముందే వేగం తగ్గించి, ఎదురుగా వచ్చే బండి వెళ్లాకే దాటాలి.

ట్రాక్టర్ బురద: దమ్ము చేసి వచ్చిన ట్రాక్టర్ చక్రాల మట్టి రోడ్డు మీద పడుతుంది. ఒండ్రు మట్టి మీద చినుకు పడితే సబ్బులా జారుతుంది. అలాంటి చోట బ్రేక్, మలుపు, యాక్సిలరేటర్ ఏదీ ఒక్కసారిగా చేయకూడదు.

కొబ్బరి లోడు: కాయల లోడుతో వెళ్లే వాహనం వెనకే అంటిపెట్టుకుని వెళ్లొద్దు. కాయ జారితే తప్పించుకునే వ్యవధి ఉండదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 11 మీటర్లు వెళ్లిపోతాం. 60లో అయితే దాదాపు 17 మీటర్లు. చూసి బ్రేక్ మీద చెయ్యి పడేసరికే ఆ దూరం అయిపోతుంది. ముందు బండికీ మనకీ కనీసం రెండు సెకన్ల దూరం ఉండాలి. వానలో అది రెట్టింపు చేసుకోవాలి.

అక్విడెక్టు, కాలువ రోడ్లు: వైనతేయ పాయ మీద 1850ల్లో కాటన్ హయాంలో కట్టిన పాత అక్విడెక్టు, తర్వాత డొక్కా సీతమ్మ పేరుతో వచ్చిన కొత్త అక్విడెక్టు పి.గన్నవరానికి గుర్తింపు. ఫొటో కోసం వంతెన మీద బండి ఆపడం, నడుపుతూ ఫోన్ తీయడం ప్రమాదం. వంతెన మీద ఓవర్‌టేక్ చేయకూడదు. గట్టు రోడ్ల మీద ఎదుటి లైటు కళ్లలో పడితే దాని వైపు చూడకుండా, వేగం తగ్గించి రోడ్డు ఎడమ అంచును చూస్తూ వెళ్లాలి.

వరద నీరు: గోదావరికి వరద వస్తే చాకలిపాలెం దగ్గరి కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగిపోతాయి. రోజూ వెళ్లే దారే కదా అని బండి దించితే ప్రాణం మీదికి వస్తుంది. పారే నీటి కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైనుంచి తెలియదు. నీటి తోపుడికి బైక్ చక్రాలు పక్కకు జరిగిపోతాయి. అలాంటప్పుడు బండి గట్టున పెట్టి, అధికారులు ఏర్పాటు చేసిన పడవలోనే వెళ్లాలి.

పండగ రద్దీ: కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లే దారుల్లో బండ్లు కిక్కిరిసిపోతాయి. కొత్తగా నేర్చుకున్నవాళ్లు ఆ రోజు వెనక సీట్లో కూర్చోవడమే మంచిది.

హెల్మెట్.. తలకు సరిపోయిందేనా?

నడిపేవారికే కాదు, వెనక కూర్చున్నవారికీ హెల్మెట్ తప్పనిసరి. నాలుగేళ్లు దాటిన పిల్లలకూ ఇదే నిబంధన. 2021 జూన్ 1 నుంచి దేశంలో ఐఎస్ఐ గుర్తు ఉన్న టూవీలర్ హెల్మెట్లే అమ్మాలి. రోడ్డు పక్కన దొరికే టోపీ లాంటివి పోలీసులను తప్పించుకోవడానికి తప్ప తలను కాపాడవు.

పెట్టుకుని స్ట్రాప్ బిగించాక తల అటూ ఇటూ ఊపి చూడాలి. హెల్మెట్ కదిలి, తల కదలకపోతే అది పెద్ద సైజు. స్ట్రాప్ పెట్టుకోకపోతే దెబ్బ తగిలే ముందే హెల్మెట్ ఎగిరిపోతుంది. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయాలి. లోపలి థర్మాకోల్ పొర ఒక్కసారే పని చేస్తుంది.

పట్టుబడితే ఎంత?

2019 సవరణ తర్వాత చట్టం ప్రకారం జరిమానాలు ఇలా ఉన్నాయి.

- లైసెన్స్ లేకుండా నడిపితే: రూ.5 వేలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ.
- లైసెన్స్ లేనివారికి బండి ఇచ్చిన యజమానికి: రూ.5 వేల జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ.
- హెల్మెట్ లేకుంటే: రూ.1,000, మూడు నెలల పాటు లైసెన్స్‌పై వేటు.
- ముగ్గురు ఎక్కితే: రూ.1,000, మూడు నెలల పాటు లైసెన్స్‌పై వేటు.
- తాగి నడిపితే మొదటిసారి: రూ.10 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

మైనర్‌కు బండి ఇస్తే దెబ్బ ఇంకా పెద్దది. తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, రూ.25 వేల జరిమానా పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా ఎల్‌ఎల్‌ఆర్ కూడా ఇవ్వరు.

జరిమానా కాదు.. అసలు భయం ఇన్సూరెన్స్‌ది

రూ.5 వేలు కట్టి బయటపడొచ్చని అనుకునేవాళ్లు ఈ విషయం ఆలోచించరు. లైసెన్స్ లేని మనిషి నడిపిన బండి ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం ఎవరు కట్టాలి? 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీనిపై స్పష్టత ఇచ్చింది. బాధితుడికి ఇన్సూరెన్స్ కంపెనీ చెల్లించినా, యజమాని తెలిసీ లైసెన్స్ లేనివారికి బండి ఇచ్చాడని రుజువైతే ఆ సొమ్మును తిరిగి అతని దగ్గర్నుంచి రాబట్టుకోవచ్చు. ఈ పరిహారాలు లక్షల్లో ఉంటాయి. అర ఎకరం కొబ్బరితోట మీద బతికే కుటుంబానికి అది తోట అమ్ముకునేంత భారం.

యజమానికి ఉండే రూ.15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా అంతే. చెల్లే లైసెన్స్ ఉంటేనే అది వర్తిస్తుంది. ఇంటి పెద్ద లైసెన్స్ లేకుండా నడుపుతూ ప్రమాదంలో చనిపోతే, ప్రీమియం కట్టినా ఆ సొమ్ము కుటుంబానికి అందడం కష్టం.

ప్రమాదం జరిగితే ఏం చేయాలి?

ముందుగా 108కి ఫోన్ చేయాలి. గాయపడినవారి హెల్మెట్‌ను బలవంతంగా లాగొద్దు. మెడకు దెబ్బ తగిలి ఉంటే అది ఇంకా ప్రమాదం. ఊపిరి ఆడకపోతే తప్ప కదిలించకూడదు. గుద్దిన డ్రైవర్ పారిపోకుండా వైద్యం అందేలా చూడాలి, పోలీసులకు సమాచారం ఇవ్వాలి. ఇది చట్టం పెట్టిన బాధ్యత.

సాయం చేసినవాళ్లను కేసుల్లో ఇరికిస్తారన్న భయం అక్కర్లేదు. మంచి మనసుతో ఆదుకున్నవారికి సెక్షన్ 134ఏ రక్షణ ఇస్తుంది. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, రూ.1.5 లక్షల దాకా నగదు రహిత వైద్యం అందుతుంది.

మొత్తానికి..

పిల్లలు బండి అడిగితే వద్దని తిడితే ఆగరు, స్నేహితుడి బండి మీద నేర్చుకుంటారు. 18 నిండగానే ఎల్‌ఎల్‌ఆర్ తీయించి, నెల రోజులు వెనక కూర్చుని నేర్పితే, ఆ నెల రోజుల అలవాట్లే తర్వాత నలభై ఏళ్లు కాపాడతాయి. బండి తాళం ఇచ్చే ముందు హెల్మెట్ చేతిలో పెట్టండి. లైసెన్స్ జేబులో ఉందా అని అడగండి.